జానీ లీవర్

జానీ లీవర్ (జననం: 1957 ఆగస్టు 14) భారతీయ హాస్యనటుడు, మిమిక్రీ కళాకారుడు. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. ప్రకాశం జిల్లా కనిగిరిలో తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ముంబై ధారావిలో పెరిగాడు. ఇంట్లో డబ్బుకు కటకట కావడంతో ఏడో తరగతితోనే చదువు ఆగిపోయింది.

బతుకుతెరువు కోసం వీధుల్లో పెన్నులు అమ్మాడు. సినిమా తారల గొంతులు అనుకరిస్తూ, వాళ్లలా స్టెప్పులేస్తూ బేరం చేసేవాడు. జనం ఆగి, నవ్వి, కొనేవారు. తర్వాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కూలీగా చేరి బరువైన డ్రమ్ములు మోశాడు. అక్కడ ఓ కార్యక్రమంలో పై అధికారులను అనుకరించి కడుపుబ్బ నవ్వించడంతో తోటి కార్మికులు పెట్టిన పేరే ‘జానీ లీవర్’. 1981లో ఆ ఉద్యోగం మానేశాడు.

సంగీత దర్శకులు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీల బృందంతో దేశవిదేశాల్లో ప్రదర్శనలిచ్చాడు. ‘హసీ కే హంగామే’ క్యాసెట్ అతని గొంతును ఇంటింటికీ చేర్చింది. దేశంలో స్టాండప్ కామెడీకి బాట వేసినవారిలో అతనిదే ముందు వరస. సునీల్ దత్ ‘దర్ద్ కా రిష్తా’ (1982)లో అవకాశమిచ్చినా, నిలబెట్టింది మాత్రం ‘బాజీగర్’ (1993)లోని మతిమరుపు నౌకరు బాబూలాల్ పాత్రే. ‘దీవానా మస్తానా’, ‘దూల్హే రాజా’ చిత్రాలకు ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డులు అందుకున్నాడు. వందల చిత్రాల్లో నటించినా, వాటిలో చాలావరకు అతని సత్తాకు తగినవి కావు.

కుమార్తె జేమీ లీవర్ కూడా స్టాండప్ కమెడియనే.