ముందు ఇరుసు చెప్పే చరిత్ర

పాత జీపులను, పికప్‌లను రాళ్లెక్కే బళ్లుగా మార్చుకునే మనవాళ్ల గురించి ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక ప్రశ్న సగంలో ఆగిపోయింది. బరువైన ముందు ఇరుసు సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే 1978, 79 ఫోర్డ్‌దే కావాలని ఇంతమంది ఎందుకు పట్టుబడతారు? రెండే మోడల్ సంవత్సరాలు వచ్చిన ఇనుప సామానుకి ఇప్పటికీ అంత గిరాకీ ఏమిటి? జవాబు తెలిస్తే డబ్బు మిగులుతుంది. ప్రాణానికీ మంచిది, ఎందుకంటే స్టీరింగ్ పట్టు కూడా ఈ ఇరుసు మీదే ఆధారపడి ఉంటుంది.

ఎడ్లబండి ఇరుసుకి పని ఒక్కటే, బరువు మోయడం. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందు ఇరుసుకి మూడు పనులు: మోయాలి, లాగాలి, తిరగాలి. లాగుతూనే తిరగాలంటే లోపల షాఫ్ట్ మధ్యలో మడత పడే కీలు ఉండాలి. అదే యూనివర్సల్ జాయింట్. క్లారెన్స్ స్పైసర్ 1904లో న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో వీటి తయారీ మొదలుపెట్టాడు. 1914లో చార్లెస్ డేనా ఆ కంపెనీలోకి వచ్చాడు, 1946లో కంపెనీకి ఆయన పేరే పెట్టారు. జంక్‌యార్డ్‌లో వినిపించే 'డేనా 44', 'డేనా 60' పేర్లు అక్కడి నుంచి వచ్చినవే. 44లో రింగ్ గేర్ అడ్డకొలత 8.5 అంగుళాలు, 60లో 9.75. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పెద్ద టైర్లు వేసి రాళ్ల మధ్య యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అసలు కథ 1970ల చివర్లో మొదలవుతుంది. అప్పటి ఎఫ్-250ల్లో ఎక్కువ వాటికి ముందు డేనా 44 ఉండేది. డేనా 60 వచ్చింది బరువు పనులకి అమ్మిన బళ్లకే, అంటే ఎఫ్-350లకి, మంచు తోసే బ్లేడు కోసం సిద్ధం చేసిన కొన్ని ఎఫ్-250లకి. దాంట్లో పినియన్ ఇరుసు మధ్యగీత కంటే పైన ఉంటుంది. దీన్నే హై పినియన్ అంటారు. ముందు ఇరుసులో ఇలా ఉంటే గేర్ పంటి బలమైన ముఖం మీద బరువు పడుతుంది, డ్రైవ్‌షాఫ్ట్ కూడా రాళ్లకు తగలకుండా కాస్త ఎత్తులో ఉంటుంది. పైగా చక్రం తిరిగే చోట కింగ్‌పిన్. కింద టేపర్ రోలర్ బేరింగ్, పైన స్ప్రింగ్ నొక్కిపట్టిన పిన్ను. అరిగితే విప్పి బాగు చేసుకోవచ్చు.

మరి అంత మంచిదైతే 1980లో ఎందుకు ఆగిపోయింది? ఆగింది బలం లేక కాదు, ప్రయాణం సుఖంగా లేక. పికప్ ట్రక్కు అప్పటికే పొలం దాటి ఇంటి వాకిట్లోకి వచ్చేసింది. పిల్లల్ని బడికి దింపేవాళ్లకి కుదుపులు ఎవరికి కావాలి? ఫోర్డ్ 1980లో ముందు ఇరుసుని రెండు ముక్కలుగా ఊగే ట్విన్ ట్రాక్షన్ బీమ్‌కి మారింది. 1988లో షెవీ కొత్త పికప్‌లు ముందు ఇరుసునే వదిలేసి ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కి వెళ్లాయి. పాత ఆకారంలో మిగిలిన ఒక టన్ను షెవీ పికప్‌లలో మాత్రం 1991 దాకా డేనా 60 కొనసాగింది. ఫోర్డ్ కూడా 1980ల మధ్యలో ఎఫ్-350కి దాన్ని మళ్లీ తెచ్చింది. అంటే సుఖం గెలిచిన కాలంలో కూడా బరువు మోసేవాళ్లు, మంచు తోసేవాళ్లు, సైన్యం పాత పద్ధతిని బతికించారు. 1980ల్లో అమెరికా సైన్యం తీసుకున్న షెవీ ఎం1008 ట్రక్కులకు ముందు డేనా 60, ముందూ వెనకా 4.56 గేర్లు ఉండేవి. సైన్యం అమ్మేశాక అవి చాలామంది గరాజ్‌లకు చేరాయి.

ఇక్కడే కొనేవాళ్లకు అసలు చిక్కు. షెవీ ఇరుసులో డిఫరెన్షియల్ కుడి పక్కన ఉంటుంది, ఫోర్డ్‌లో డ్రైవర్ వైపు, అంటే ఇక్కడి లెక్కలో ఎడమ పక్కన. మీ బండి ట్రాన్స్‌ఫర్ కేస్ ఏ పక్కకి శక్తి పంపుతుందో ఇరుసు కూడా ఆ పక్కదే కావాలి. పాత జీప్ సీజేలకి కుడి, 1987లో వచ్చిన రాంగ్లర్ నుంచి ఎడమ. రాంగ్లర్లు పెరిగేకొద్దీ ఎడమ పక్క ఇరుసులకి గిరాకీ పెరిగింది. దొరికేవేమో తక్కువ. 1978, 79 ఇరుసుకి ఆ పేరు రావడానికి దాని ఇనుములో ఉన్న గొప్పదనం సగం కారణమైతే, ఈ కరువు మిగతా సగం అని నా అభిప్రాయం.

ఆ కరువు ఇప్పుడు లేదు. 1992 నుంచి ఫోర్డ్ డేనా 60కి కింగ్‌పిన్ బదులు బాల్ జాయింట్ వచ్చింది. 1999లో సూపర్ డ్యూటీ వచ్చింది. 2005 నుంచి వాటికి కాయిల్ స్ప్రింగులు, పెద్ద బ్రేకులు. అదీ హై పినియన్, అదీ ఎడమ పక్కదే, పైగా యార్డుల్లో బోలెడు. అభ్యంతరాలు లేకపోలేదు. హబ్ బేరింగ్ అరిగితే విప్పి గ్రీజు పెట్టడం కుదరదు, మొత్తం మార్చాలి. నట్ల వృత్తం 8 మీద 170 మిల్లీమీటర్లు కాబట్టి పాత 6.5 అంగుళాల చక్రాలు పట్టవు. 2005 తర్వాతి బ్రేకుల మీద 16 అంగుళాల రిమ్ కూర్చోదు. ఈ ఖర్చులు ముందే లెక్క వేసుకోండి. వేసుకున్నాక కూడా, ఎడమ పక్క ఇరుసు కావలసినవాళ్లకి నేను చెప్పేది ఇదే: పేరు కోసం పాతదానికి ఎక్కువ పెట్టొద్దు.

ఏది కొన్నా, అది ఏ పని చేసి వచ్చిందో తెలుసుకోండి. గొట్టం మీద తుప్పు గీకి చూస్తే ఒక నంబరు కనిపిస్తుంది. అది ఆ ఇరుసు జన్మపత్రిక. ఏ కంపెనీకి, ఏ గేర్లతో తయారైందో దాన్నిబట్టి పట్టుకోవచ్చు. గేర్లు 4.10 దాకా ఒక క్యారియర్, 4.56 నుంచి వేరే క్యారియర్, కాబట్టి నిష్పత్తి మార్చే ఆలోచన ఉంటే ఆ ఖర్చూ కలుపుకోండి. వెనక ఇరుసు నిష్పత్తితో కలవాల్సిందే. గొట్టాల మీద తిన్నని కడ్డీ ఆనించి వంపు చూడండి. మంచు తోసిన ట్రక్కుదైతే ఉప్పు తిన్న చోట్లు వెతకండి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి. లోపల నూనెలో ఇనుప రజను మెరుస్తుంటే బేరం వదిలేయండి. అమ్మేవాడు చెప్పే సంవత్సరం కన్నా ఈ ఇనుము చెప్పే మాటే నమ్మకమైనది.