అవయవ మార్పిడి చరిత్రలో గ్రహీత వయస్సు

అవయవ మార్పిడి చరిత్ర అనగానే మనకు శస్త్రచికిత్సలే గుర్తుకు వస్తాయి. అయితే దొరికిన ఒక్క అవయవాన్ని ఏ వయస్సు రోగికి ఇవ్వాలన్న ప్రశ్నకు కూడా ఒక చరిత్ర ఉంది. దానిని ఈ భాగంలో తెలుసుకుందాం.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం 23 ఏళ్ల రిచర్డ్ హెరిక్‌కు అతని కవల సోదరుని మూత్రపిండాన్ని అమర్చింది. రిచర్డ్ ఆ తరువాత ఎనిమిదేళ్లు జీవించాడు. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్, యాభై దాటిన లూయీ వాష్‌కాన్‌స్కీకి గుండె మార్పిడి చేశాడు. ఆయన 18 రోజులకే న్యుమోనియాతో మరణించాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడాకు వయస్సే కారణమని నిర్ణయించకండి. అవయవాలు వేరు. పైగా హెరిక్ సోదరులు ఏకరూప కవలలు కాబట్టి తిరస్కరణ సమస్య రాలేదు. వాష్‌కాన్‌స్కీకి మాత్రం రోగనిరోధక శక్తిని అణచే మందులు ఇవ్వవలసి వచ్చింది.

తొలి దశాబ్దాలలో ఆ మందుల దుష్ఫలితాలను వృద్ధులు తట్టుకోలేరన్న భయంతో వైద్యులు ఎక్కువగా చిన్న వయస్సువారినే ఎంచుకునేవారు. 1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కు అనుమతి లభించాక ఫలితాలు మెరుగుపడి, వయోపరిమితి క్రమంగా సడలింది.

వయస్సు ప్రభావం ఒకే దిశలో సాగదని మీరు గమనించాలి. వయస్సు పెరిగేకొద్దీ రోగనిరోధక వ్యవస్థ మందగిస్తుంది. అందువల్ల వృద్ధులలో తిరస్కరణ తక్కువ, అంటువ్యాధులు, క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అమర్చిన మూత్రపిండం బాగా పనిచేస్తుండగానే గుండెజబ్బుతో మరణించేవారూ వీరిలో ఎక్కువే. కౌమారదశలో ఇందుకు భిన్నంగా, మనిషి బతికినా మూత్రపిండం దెబ్బతినే ప్రమాదం అధికం. మందులు క్రమం తప్పకుండా వేసుకోకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం.

1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రశ్ననే మార్చింది. అది వృద్ధ గ్రహీతను యువ గ్రహీతతో కాక, డయాలసిస్‌పై నిరీక్షిస్తున్న మరో వృద్ధునితో పోల్చింది. దీర్ఘకాలంలో మార్పిడి పొందినవారి మరణాల రేటు 48 నుంచి 82 శాతం తక్కువగా తేలింది. 20–39 ఏళ్లవారికి మేలు ఎక్కువే అయినా, అరవై దాటినవారికీ మేలు జరిగింది.

ఇక మిగిలింది పంపకం. అదే సంవత్సరం యూరోట్రాన్స్‌ప్లాంట్ సంస్థ 65 ఏళ్లు దాటిన దాతల మూత్రపిండాలను 65 దాటిన గ్రహీతలకే దగ్గరి ప్రాంతంలో ఇచ్చే పథకం ప్రారంభించింది. అమెరికా 2014 నుంచి, ఎక్కువ కాలం పనిచేయగల మూత్రపిండాలను ఎక్కువ కాలం జీవించగల రోగులకు ముందుగా కేటాయిస్తోంది. భారతదేశంలో మరణానంతర దాతల అవయవాలకు పేరు నమోదు చేసుకోవడానికి ఉన్న 65 ఏళ్ల పరిమితిని 2023లో తొలగించారు.

ఇవి వైద్య నిర్ణయాలు మాత్రమే కావు, న్యాయ నిర్ణయాలు కూడా. ఒక మూత్రపిండం, ఇద్దరు రోగులు. ఒకరికి 25 ఏళ్లు, మరొకరికి నాలాగే అరవై దాటాయి. మిగిలిన ఆయుర్దాయాన్ని లెక్కించాలా, నిరీక్షించిన కాలాన్నా? మీ సమాధానాన్ని కారణాలతో పది వాక్యాలలో రాయండి.