వాక్పరీక్ష

పాఠశాలలో బిడ్డ ముందుగా నేర్వవలసినది మాటలాడకుండుట యని మనలో ననేకులు నేటికిని నమ్ముచున్నారు. వ్రాతపరీక్షపై గల శ్రద్ధలో పదియవ వంతైనను మాటపై లేదు. ఈ స్థితి యెట్లు కలిగెనో తెలిసికొన్నచో దానిని దిద్దుకొను మార్గము గోచరింపగలదు.

అమెరికాలోని బోస్టను పట్టణమున 1845 వఱకు పాఠశాలా సంఘమువారు ఏటేట బడులకు వచ్చి, పిల్లలను నిలువబెట్టి ప్రశ్నించి పోవుచుండిరి. ఒకరికి సులభమైన ప్రశ్న, మఱియొకరికి కఠినమైన ప్రశ్న. ఒక్కొక్కరికి దక్కు కాలము మిక్కిలి స్వల్పము. ఆ యేట మాసచూసెట్సు విద్యాబోర్డు కార్యదర్శియగు హోరేసు మాన్ ప్రోత్సాహముచే, సంఘసభ్యులు అచ్చువేసిన ప్రశ్నలనే యందఱ కిచ్చి జవాబులు వ్రాయించిరి. అందఱకు నొకే ప్రశ్న, ఒకే కాలము, తరువాత చూచుకొనుటకు మిగులు కాగితము: ఈ మూడును న్యాయమున కాధారములని మాన్ వాదించెను. ఆ వాదము సత్యమే. కాని వ్రాతపరీక్ష బలపడినకొలది బడిలో మాటకు గౌరవము తగ్గుచు వచ్చెను.

ఈ కొఱతను ఇంగ్లండులో గుర్తించినవారిలో ఆండ్రూ విల్కిన్‌సన్ ముఖ్యుడు. అక్షరజ్ఞానమునకు 'లిటరసీ' యను పేరున్నట్లే, మాటలాడు నేర్పునకును విను నేర్పునకును గలిపి 1965లో ఆయన 'ఓరసీ' యను పేరు కల్పించెను. 1975లో బుల్లక్ సంఘము, భాష నేర్పు బాధ్యత అన్ని పాఠములు చెప్పు ఉపాధ్యాయులకును గలదని చాటెను. 1988లో మొదలైన జి.సి.ఎస్.ఇ. పరీక్షలలో మాటలాడు నేర్పునకును స్థానము దొరకెను. కాలక్రమమున నది ఆంగ్లపు మార్కులలో నూటికి 20 వంతులకు చేరెను. కాని బడిబడికి మార్కులు సమముగా లేవని 2013లో పరీక్షల నియంత్రణసంస్థ నిర్ణయించి, మఱుసటి యేటినుండి వానిని ఫలితములో గలుపక, విడిగా మాత్రమే చూపించెను.

చదువరులారా, 1845లో మాటను వెనుకకు నెట్టిన కారణమే 2013లో మరల వచ్చినది. తక్కెడ వంకరయైనచో దానిని సరిచేసికొందుము గాని, ధాన్యము పండించుట మానుకొనము గదా! మాన్ కోరిన గుణములను నోటిపరీక్షకును తేవచ్చును. అందఱకు నొకే విషయమును, ఒకే కాలమును ఇచ్చి, ఇద్దఱు పరీక్షకులు విడివిడిగా మార్కులు వేయవచ్చును. పలికిన పలుకును యంత్రమున నిలిపి మరల వినవచ్చును. అయితే మార్కులు ఉచ్చారణ సొగసునకు గాక, విషయమును క్రమముగా చెప్పుటకును, ఎదుటివారి మాట విని తగిన బదులిచ్చుటకును వేయవలెను. లేకున్నచో చదువుకొన్నవారి యింట పెరిగిన బిడ్డయే గెలుచును. పల్లెబిడ్డ తల వంచుకొనును.

వ్రాతలో నూటికి తొంబది తెచ్చుకొను బాలిక, లేచి నాలుగు మాటలు చెప్పుమన్న కన్నీరు పెట్టుకొనుట నా తరగతిలో జూచితిని. రేపు ఆమె వైద్యునితో, కచేరీలో నుద్యోగితో, తన వివాహవిషయమున నింటి పెద్దలతో మాటలాడవలసియుండును. అచ్చట వ్రాతకాగితము పనికిరాదు. బడిలో నామెకు నోరు విప్పు నలవాటు చేయని మనకు, ఆమె మౌనమును వినయమని మెచ్చుకొను హక్కు లేదు.