నాసిరకం ముక్క చరిత్ర

దెందులూరు పేరు చరిత్రకెక్కింది రాజుల వల్లనే. విష్ణుకుండి విక్రమేంద్రవర్మ చిక్కుళ్ల శాసనం వెలువడిన లెందులూరు ఇదేనని పండితులు అంటారు. కొద్ది దూరంలోని పెదవేగి శాలంకాయనుల రాజధాని వేంగీపురం. వారి రాగిరేకుల ముద్ర మీద ఎద్దు బొమ్మ వున్నది. ఏ భూమి ఎవరికి దానమిచ్చినారో, ఏ పన్నులు మినహాయించినారో ఆ రేకులు చెబుతాయి. ఆ భూమిలో నాగలి లాగిన ఎద్దు చచ్చిననాడు దాన్ని ఎవరు మోసినారు, ఎవరు కోసినారు, ఏ ముక్క ఎవరికి దక్కినది అన్న సంగతి మాత్రం ఏ రేకూ చెప్పదు.

ఈ ప్రశ్నను నేనొక చిన్న వంటకం దగ్గర నుంచి ఎత్తుకుంటున్నాను. పాఠకులు నవ్వుకున్నా సరే. నిప్పుల మీద కాల్చిన గొడ్డుమాంసపు ముక్కను రెండు రొట్టెముక్కల నడుమ పెట్టుకుని తింటారే, ఆ స్టేక్ శాండ్‌విచ్ సంగతి. ఇందుకు శ్రీమంతులు కోరేది వెన్ను కింది కండ. ఆ కండ పశువు బతికినంతకాలం పెద్దగా పని చేయదు, అందుకే మెత్తన. భుజమూ, డొక్కా, పిక్కా పనిచేస్తాయి. పనిచేసిన కండలో నార ఎక్కువ, బిగువు ఎక్కువ. పనిచేయని కండకు ధర ఎక్కువ, పనిచేసిన కండకు ధర తక్కువ! (ఈ పోలిక నా కల్పన కాదు, కసాయికొట్టు త్రాసు చెప్పేదే.)

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, రియో గ్రాండే లోయలోని పశుక్షేత్రాలలో మెక్సికన్ కాపరులు పనిచేసేవారు. పశువును కోసినపుడు మంచి మాంసం యజమానికి పోయేది. తల, తోలు, పేగులు, ఊపిరితిత్తుల కింద అడ్డంగా వుండే పలచని కండ కాపరులకు కూలిలో భాగంగా వచ్చేవి. ఆ కండను వారు ఫహీతా అన్నారు. స్పానిష్‌లో చిన్న నడికట్టు అని అర్థం. దాన్ని మండే నిప్పుల మీద త్వరగా కాల్చి, నారకు అడ్డంగా సన్నగా కోసి, రొట్టెలో చుట్టుకుని తిన్నారు. నార పొడుగునా కోస్తే తాడు నమిలినట్లుంటుంది. అడ్డంగా కోస్తే అదే ముక్క మెత్తబడుతుంది. ఈ శాస్త్రం కనిపెట్టినది ఏ విశ్వవిద్యాలయమూ కాదు. 1969లో కైల్ అనే వూళ్ళో ఫాల్కన్ అనే మాంసం వర్తకుడు దాన్ని అంగడికెక్కించాడు. 1980లలో హోటళ్ళు దానిమీద పడ్డాయి, ధర పెరిగింది. కూలిగా విదిలించిన ముక్క కూలివాడికే ప్రియమైనది.

మన డెల్టాకు వద్దాము. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి, ఏలూరు కాలువ రెండు నదులను కలిపిన తరువాత ఈ నేల వరిమయమైనది. దున్నడానికి ఎద్దులూ దున్నలూ కావాలి. అవి చచ్చినపుడు వూరు ముట్టుకోదు. మాదిగపల్లెకు కబురు పోతుంది. కళేబరం మోయడం విధి, తోలుతో చెప్పులూ వారులూ కుట్టి ఇవ్వడం విధి, మాంసం ప్రతిఫలం. ఇక్కడ కూడా మాంసం కూలియే. కాని టెక్సాస్ కాపరికి ఆ ముక్కతో అంటరానితనం అంటలేదు. మనవారికి కూలియే కళంకమైనది: చచ్చినదాన్ని మోయమన్నవాడే, చచ్చినదాన్ని తిన్నావని దూరం పెట్టినాడు.

దీనిని తిరస్కరించినవారు వున్నారు. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవంలో చేరిన మాదిగలకు క్లౌ దొర పెట్టిన నియమాలలో చచ్చిన గొడ్డును తినరాదన్నది ఒకటి. వూరి పెద్దలు కోపగించి, వారిని వేధించినారు. కోపం మాంసం గురించి కాదని వేరే చెప్పాలా? కళేబరం ఎవరు మోస్తారన్నదే వారి బాధ. 1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ కూడా చచ్చిన పశువుల మాంసం మానండని పిలుపునిచ్చినాడు. సరిగా 85 ఏళ్ళకు, 2012 ఏప్రిల్ 15న, ఉస్మానియా విద్యార్థులు క్యాంపస్‌లో పెద్దకూర పండుగ జరిపినారు, ఘర్షణలు జరిగినవి. ఒకరు మానమన్నారు, మరొకరు తిన్నారు, ఇది వైరుధ్యం కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. పళ్ళెం మాత్రమే చూస్తే వైరుధ్యమే. మహద్‌లో తిరస్కరించినది విదిలించిన కూలిని. ఉస్మానియాలో నిలబెట్టినది తన తిండి తాను ఎంచుకునే హక్కును. చేయి చాచి తీసుకున్న ముక్క, కొని తెచ్చుకున్న ముక్క ఒకటి కావు.

అయితే కొనబోతే దొరికేదేమిటి? 1977 చట్టం ఆవునూ దూడలనూ కోయరాదన్నది. ఎద్దునైనా గేదెనైనా పనికీ పాడికీ ఈనడానికీ పనికిరాదని ధ్రువపత్రం వుంటేనే కోయాలి. అంటే మన బజారుకు రావలసినది ముసలి గొడ్డు. మన ఒంగోలు జాతి మాత్రం 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరుమీద నెలోరె అయి, ఆ దేశపు గొడ్డుమాంసానికి ఆధారమైనది. ఇక్కడ దాని బొమ్మకు పూజ, అక్కడ దాని మాంసానికి ఎగుమతి!

ముసలి గేదె కండను స్టేక్‌లాగా కాలిస్తే పళ్ళు నొప్పి. అల్లం, ఉప్పు, పచ్చిబొప్పాయి ముద్ద పట్టించి కాసేపు నాననిచ్చి, పలచగా కొట్టి, ఎర్రటి నిప్పుల మీద క్షణాలలో కాల్చి, నారకు అడ్డంగా కోస్తే బన్నురొట్టెలో పెట్టుకోవచ్చును. ఉల్లిపాయా పచ్చిమిర్చీ మరవకూడదు. పిక్క కండకు ఈ ఉపాయం చాలదు. దాన్ని సన్నని సెగమీద గంటలకొద్దీ వుడికిస్తే ఆ బిగువైన నారే కరిగి జిగురౌతుంది. గోంగూర పడితే పులుపు అందుతుంది. మిగిలినదానికి ఉప్పూ పసుపూ పట్టించి, పేలికలుగా కోసి, తాడుమీద ఎండబెడతారు. కొల్లేటి పల్లెలో చేపలు ఎండే ఎండే అది. వాసన వచ్చిందని ముక్కు మూసుకునేవారు చేపల దగ్గర మూసుకోరు.