హిమాయత్‌నగర్ పెరళ్లు ఏమైపోయాయి?

ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్లలో అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుంటున్నవాళ్లు కొందరైనా ఉంటారు. ఈసారి చాయ్ తాగడానికి బయటికొచ్చినప్పుడు పక్క సందుల్లోకి ఒకసారి చూడండి. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఎక్కడో ఒక పాత ఇల్లు, గోడ దాటి రోడ్డు మీదికి వంగిన మామిడి కొమ్మ కనిపిస్తాయి. ఇవాళ్టి కథ ఆ కొమ్మదే.

ముందు పేర్లు చూద్దాం. బాగ్ అంటే తోట. హిమాయత్‌నగర్ చుట్టూ చూస్తే బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, కొంచెం దూరంలో జాంబాగ్. హైదరాబాద్‌నే పాత యాత్రికులు బాగ్‌నగర్ అని రాశారు. ఇక హిమాయత్‌నగర్‌కు ఆ పేరు ఏడో నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ నుంచి వచ్చింది. అదేనండీ, ఆజం జా. హిమాయత్‌సాగర్‌కూ ఆయన పేరే.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ దెబ్బ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. మూసీకి ఉత్తరాన నగరం పెరుగుతూ పోయింది. ఇటువైపు కట్టుకున్న పాత ఇళ్ల తీరు మీకు తెలిసే ఉంటుంది: ముందు కొంచెం జాగా, మధ్యలో ఇల్లు, వెనక పెరడు, ఒక మూల చేదబావి. అంట్లు తోమిన నీళ్లు అరటి మొదట్లోకి, బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. వేస్ట్ అనే మాటే లేదు.

ఆ పెరడే ఇంటికి క్యాలెండర్. మృగశిర కార్తె రాగానే మట్టి తవ్వి బీర, సొర, చిక్కుడు గింజలు పెట్టేవాళ్లు. ఆషాఢంలో గోరింటాకు, బోనాలకు వేపమండలు. వినాయక చవితికి పత్రిలో సగం ఇంట్లోదే. బతుకమ్మకు గునుగు, తంగేడు బయటినుంచి రావాలి గానీ బంతి, గుమ్మడి పూలు మాత్రం పెరట్లోవే. కార్తీకంలో తులసి కోట దగ్గర దీపం. చలికాలం చిక్కుడు విరగకాసేది. రథసప్తమి రోజు ఆ కాయలతోనే చిన్న రథం చేసి, ఆ ఆకుల్లోనే పరమాన్నం పెట్టేవాళ్లు. ఉగాదికి వేపపూత, పచ్చి మామిడి. ఎండలు ముదిరితే సాయంత్రం మల్లెమొగ్గలు. ఒక్కో పండగ ఒక్కో చెట్టు కిందికి నడిచి వచ్చేదన్నమాట.

కాయ ఎక్కువైతే పక్కింటికి పోయేది. ఖాళీ గిన్నె తిరిగొచ్చేది కాదు, అందులో ఇంకేదో ఉండేది.

మరి ఏమైంది? 1980ల నుంచి అపార్ట్‌మెంట్లు పెరిగాయి. అన్నదమ్ములు పంచుకున్నారు, బిల్డర్ వచ్చాడు, పెరడు పార్కింగ్ అయింది. ఇందులో ఎవరినీ తిట్టడానికి లేదు. నలుగురు పిల్లలకు నాలుగు ఫ్లాట్లు వస్తుంటే చేదబావి కోసం ఎవరు ఆగుతారు చెప్పండి?

కానీ లెక్క ఒకటి మిగిలిపోయింది. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ నుంచి మూసీకి పోయే నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వంద గజాల పెరడు అంటే సుమారు 84 చదరపు మీటర్లు. ఆ రోజు అంత జాగాలోనే పడిన నీళ్లు దాదాపు 20 వేల లీటర్లు! మట్టి అంతా తాగేస్తుందని కాదు, అంత వానకు మట్టి కూడా చేతులెత్తేస్తుంది. కానీ కొంతైనా తాగుతుంది, కొంతసేపైనా ఆపుతుంది. సిమెంటు మీద పడ్డది మాత్రం పడ్డట్టే నాలాకు పరుగెత్తుతుంది. పెరడు పోవడమంటే పువ్వులు, కాయలు పోవడం ఒక్కటే కాదు.

ఇప్పుడు నేల లేదు, నిజమే. పైకప్పు ఉంది కదా! కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన ఇంటి మీద కూరగాయలు పండించి, మిద్దెతోట అనే మాటను ఎంతోమందికి దగ్గర చేశారు. ఇదేదో కొత్త ఐడియా అనుకోకండి. 17వ శతాబ్దంలో బాగ్‌నగర్ చూసిన ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియే, రాజభవనం డాబాల మీద తోటలు, వాటిలో పెద్ద పెద్ద చెట్లు ఉన్నాయని, ఆ బరువును కింది కమాన్లు ఎలా మోస్తున్నాయోనని ఆశ్చర్యపోయి రాశాడు. కుతుబ్‌షాహీల కాలం నుంచే మనది మిద్దెతోటల ఊరు!

హాస్టల్ కిటికీలో ఒక్క కుండీ పెట్టినా చాలు, మృగశిరకు ఒక చిక్కుడు గింజ వేయండి. రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, మన పెరట్లో ఏమేం ఉండేవని. ఆ జాబితా రాసి పెట్టుకోండి. చెట్టు పోయినా పేరైనా మిగులుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.