పసుపు: గ్రంథసాక్ష్యం, కణసాక్ష్యం

పసుపు కొమ్ములోని రంగుపదార్థాన్ని 1815లో వోగెల్, పెల్లెటియర్ వేరుచేశారు. దానికి కర్కుమిన్ అని పేరు. ఏడు కార్బన్ల గొలుసు రెండు ఫినోలిక్ వలయాలను కలుపుతున్న దాని నిర్మాణం తేలేసరికి 1910 వచ్చింది. రోగనిరోధక కణాలతో దీని సంబంధం మరింత ఆలస్యంగా చర్చకు వచ్చింది. అందుకు ముందుగా ఆ కణాల లోపలి సంకేతాలు తెలియవలసి ఉంది.

1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ బి-లింఫోసైట్లపై చేసిన పరిశోధనలో ఎన్.ఎఫ్.-కప్పా-బి అనే ప్రోటీన్‌ను గుర్తించారు. వాపును ప్రేరేపించే అనేక జన్యువులను మేల్కొలిపేది ఇదేనని తరువాత తేలింది. దీని క్రియాశీలతను కర్కుమిన్ అణచివేస్తున్నదని 1995లో హ్యూస్టన్‌లో సింగ్, అగర్వాల్ ప్రకటించారు. అయితే వారు పరీక్షించినవి ప్రయోగశాలలో పెంచిన మానవ ల్యుకేమియా కణాలు.

అదే ఏడాది, గాయాలు మాన్పడానికి పసుపును వాడే పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి అమెరికా పేటెంట్ లభించింది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, 1997లో రద్దు చేయించింది. ఇక్కడ గెలిచింది గ్రంథాలయం. సంస్కృత, ఉర్దూ, హిందీ రచనలతో సహా 32 ఆధారాలను మండలి సమర్పించింది. దెబ్బ తగిలితే పసుపు అద్దే తెలుగింటి అలవాటు ఎంత పాతదైనా ఆ వాదంలో దానికదే చెల్లేది కాదు. నాటి అమెరికా చట్టం పరదేశపు వాడుకను లెక్కలోకి తీసుకోదు. అది అచ్చులో నమోదై ఉండాలి. మౌఖిక సంప్రదాయాన్ని అధ్యయనం చేసేవారు గమనించవలసిన విషయమిది.

ఆ తీర్పు నిరూపించింది వాడుక కొత్తది కాదన్న ఒక్క అంశాన్నే. పసుపు రోగనిరోధక కణాలను మారుస్తుందనడానికి దానిని సాక్ష్యంగా చూపడం పొరపాటు. మన వ్యాసాలలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది.

కణసాక్ష్యానికీ హద్దు ఉంది. 1998లో బెంగళూరు పరిశోధకులు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్కుమిన్ ఇస్తే, రక్తంలో అది దాదాపు కనిపించలేదు. మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడించినప్పుడు శోషణ సుమారు 20 రెట్లు పెరిగినా, రక్తంలో అది నిలిచింది కొద్దిసేపే. కర్కుమిన్ అస్థిరమైనదనీ, అనేక ప్రయోగపరీక్షలలో తప్పుడు ఫలితాలు చూపగలదనీ 2017లో ఒక విస్తృత సమీక్ష హెచ్చరించింది. పసుపు పొడిలో కర్కుమిన్ నూటికి దాదాపు మూడు పాళ్లే. కూరలో వేసే చిటికెడు పసుపులో, బెంగళూరులో ఇచ్చిన మోతాదులో వందోవంతు కూడా ఉండదు.