వించెస్టరు రాజగృహము

ఇంగ్లండు దేశమందలి వించెస్టరు నగరమున నొక మిట్టపైఁ బూర్వము సైనికావాసములుగా నుండిన కట్టడములు కలవు. వీనికి 1964లోఁ బెనిన్సులా బ్యారక్సు అను పేరు వచ్చెను. ఈ స్థలముననే 1894 వఱకు నిలిచిన ప్రధానభవనమును జనులు 'కింగ్సు హౌసు', అనఁగా రాజగృహము, అని వ్యవహరించిరి. అయినను నే రాజును దానియందు వసింపలేదు. నివాసమే లేనిచో నామ మెట్లు కలిగెనో విచారింపఁదగినది.

ఇచ్చటఁ దొలుత 1067లో నార్మను విలియము కోట కట్టించెను. 1642లో నారంభమైన యంతర్యుద్ధము పిదప దానిని గూల్చిరి. పదుమూఁడవ శతాబ్దపు మహాశాల మాత్రము మిగిలెను. ఆ చోటనే 1683లో రెండవ చార్లెసు నూతనప్రాసాదమునకు శంకుస్థాపన చేసెను. లండనులోని సెయింటు పాలు దేవాలయమును నిర్మించిన క్రిస్టఫరు రెన్ను దీనికి స్థపతి. పని సాగుచుండఁగనే 1685 ఫిబ్రవరి 6వ తేదీన రాజు మరణించెను; పని నిలిచిపోయెను.

అసంపూర్ణభవనము శూన్యముగా నుండలేదు. 1756 మొదలు 1763 వఱకు జరిగిన సప్తవర్షయుద్ధమున నది ఫ్రెంచి బందీలకుఁ జెఱసాల యయ్యెను. 1792లో, విప్లవమునకు వెఱచి వచ్చిన ఫ్రెంచి మతాచార్యులకు శరణాలయ మయ్యెను. 1796లో వారిని వేఱుచోటికిఁ బంపి ప్రభుత్వము దానిని సైనికావాసముగాఁ జేసెను. 1858లో రైఫిలు దళముల డిపో యిచ్చట నెలకొనెను. రాజునకై కట్టిన యిల్లు రాజుచే బంధింపఁబడినవారికిని, రాజు కొలువున నున్నవారికిని నుపయోగపడెను. 1894 డిసెంబరు 19వ తేదీన నది దగ్ధమయ్యెను. 1904 నాఁటికి నూతనభవనములు లేచెను. రెన్ను చేయించిన ఱాతిపనిలోఁ గొంత వీనియందుఁ గూర్పఁబడెను.

శబ్దమునకు వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు అని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దర్భలను గోయువాఁడను వ్యుత్పత్తి గల కుశలశబ్దము నేర్పరియందు రూఢమైనది. అట్లే యిచ్చటఁ బేరునకు మూలము రాజసంకల్పము, వ్యవహారము సైనికులది. నామమును మాత్రము నమ్మినవాఁడు రాజు నివసించె ననును. ఱాళ్లను మాత్రము చూచినవాఁడు నేఁటి భవనమును రెన్నే కట్టించె ననును. ఇరువురును బొరపడుదురు. కాఁబట్టి గ్రామనామములనుండియు శిథిలములనుండియుఁ జరిత్రము నూహించువారు, లిఖితాధారములను బరిశీలింపక నిశ్చయింపరాదు.

1986లో సైన్యము నగరము వెలుపలి ఫ్లవర్‌డౌనునకుఁ దరలిపోయెను. తరువాత కట్టడములు చాలవఱకు గృహస్థుల నివాసము లయ్యెను; కొన్నిట సైనికప్రదర్శనశాలలు వెలసెను. మూఁడు శతాబ్దముల పిమ్మట నా స్థలమున గృహశబ్దము సార్థకమైనది. రాజశబ్దము మాత్రము సార్థకము కాలేదు.